వారానికి ఎనిమిది రోజులు: కొత్తగా జిమ్‌లో చేరినవారికి కొన్ని సలహాలు

జిమ్‌లో చేరారు, శుభం. ఏడాది ప్యాకేజీ ఒకేసారి కట్టేశారు, ఎందుకంటే కౌంటర్లో కూర్చున్న కుర్రాడు "ఈ ఆఫర్ ఇవాళొక్కరోజే సార్" అన్నాడు. రేపొచ్చేవాళ్లతోనూ అదే అంటాడు, కానీ ఆ గొడవ మనకెందుకు? ఇక మిగిలింది ఆ డబ్బు రాబట్టుకోవడమే.

లెక్క చూడండి. పద్దెనిమిది వేలు కట్టారనుకుందాం. వారానికి మూడు రోజులు వెళితే ఏడాదికి 156 రోజులు, రోజుకు 115 రూపాయలు పడుతుంది. రోజూ వెళితే 49 రూపాయలు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వెళితే పూటకు పాతిక రూపాయలు కూడా పడదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారు మాత్రం 2009లో, కొత్తవాళ్లు వారానికి రెండు మూడు రోజులు, వెళ్లిన ప్రతిసారీ ఒళ్లంతటికీ పని చెబుతూ బరువులెత్తితే చాలని రాశారు. డబ్బు కట్టింది వాళ్లు కాదు కదా, ఎన్నయినా చెబుతారు.

"మరీ ఎక్కువ చేస్తే ఒంటికి పడదేమో" అని ఇంట్లోవాళ్లు అంటారు. ఆ భయం పోగొట్టడానికే ఈ సూచనలు.

1. మొదటి రోజే అన్ని మెషీన్లనూ వాడేయండి

జిమ్‌లో ఇరవై మెషీన్లుంటే ఇరవైటి మీదా కూర్చుని లేవాలి. "ఇవాళ్టికి ఐదు వ్యాయామాలు, రెండేసి సెట్లు చాలు" అని ట్రైనర్ అంటే, మీ పట్టుదల సంగతి అతనికింకా తెలియదన్నమాట. వినకండి.

ఫలితం అప్పటికప్పుడు కనిపించదు, కంగారు పడొద్దు. అలవాటు లేని పని చేసిన కండల నొప్పి ఒక రోజు ఆగి మొదలై, మూడో రోజు దాకా ముదురుతుంది. మెట్లు ఎక్కడం ఫరవాలేదు గానీ దిగడం నరకం. బరువును ఎత్తేటప్పటి కంటే, కండ సాగుతూ ఆపుకొంటూ దించేటప్పుడే దెబ్బ ఎక్కువ తగులుతుంది మరి. తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి లేవదు. దువ్వెన ఉన్నచోటే ఉంటుంది, తలే దాని దగ్గరికి వంగాలి. చొక్కా వేసుకోవడానికి ఇంకొకరి సాయం కావాలి. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇళ్లవారు కూర్చునే ముందే లేవడం గురించి ఆలోచించుకోవాలి.

ఈ నొప్పే మీ రసీదు. ఎంత నొప్పి వస్తే అంత కండ పెరిగినట్టని మా సిద్ధాంతం. తెలిసినవాళ్లు ఒప్పుకోరు. నొప్పికీ పెరుగుదలకూ అంత లంకె లేదంటారు, అదే వ్యాయామం రెండోసారి చేస్తే నొప్పి బాగా తగ్గుతుందనీ, అది శరీరం అలవాటు పడిందనడానికి గుర్తనీ చెబుతారు. నొప్పి తగ్గిందని తెలియగానే మీరు మాత్రం కొత్త యాతన వెతుక్కోండి.

ఒక్క మినహాయింపు. నొప్పితో పాటు కండలు వాచి, మూత్రం బ్లాక్ టీ రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కండ చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు ఎసరు పెడుతోందని దానర్థం. మా చిట్కాలేవీ అక్కడ పనిచేయవు. డాక్టరుగారికి ఈ వ్యాసం చూపించకండి.

2. ఛాంపియన్ టైమ్‌టేబులు తెచ్చి గోడకు అంటించండి

కొత్తవాళ్ల కోసం రాసిన టైమ్‌టేబుళ్లు ఉంటాయి. పేలవంగా ఉంటాయి. అవి మనకొద్దు. 1970లలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు పూటలా చేసిన పట్టిక దొరుకుతుంది, అది పట్టుకోండి. ఆయన పదిహేనేళ్ల వయసులో బరువులు పట్టుకున్నాడు. 1977లో 'పంపింగ్ ఐరన్' సినిమా వచ్చేటప్పటికి పదిహేనేళ్ల సాధన ఆయన ఒంట్లో ఉంది. పనీ పాటా రెండూ అదే. పైగా స్టెరాయిడ్లు కూడా వాడానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఈ వివరాలన్నీ వదిలేసి పట్టిక ఒక్కటీ తీసుకోండి.

మనవాళ్ల సంగతీ చూద్దాం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. పన్నెండేళ్లప్పుడు బార్ పట్టుకున్న పిల్లకు అప్పటికి పాతికేళ్లు. మధ్యలో పదమూడేళ్లు! అంత తీరిక మనకెక్కడిది? మనకు సంక్రాంతికల్లా కావాలి, చుట్టాలంతా వస్తారు.

కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అంతకు ముందు ఆయన ఎన్నేళ్లు వ్యాయామశాలలో గడిపాడో ఎవరూ అడగరు. మీరూ అడగొద్దు.

3. సోమవారం చెస్ట్, మంగళవారం మంచం

వారంలో ఒక్కో రోజు ఒక్కో భాగానికి రాసిచ్చేయండి. సోమవారం చెస్ట్. ఊళ్లో ఉన్న జిమ్ములన్నిటిలోనూ సోమవారం చెస్టే, అందుకని బెంచి దగ్గర క్యూ ఉంటుంది. వంతు వచ్చాక వదలకుండా ఇరవై సెట్లు లాగించండి. మళ్లీ వారం దాకా చెస్ట్ మొహం చూడనక్కర్లేదు.

దీని మీద వచ్చే అభ్యంతరం ఇది: వ్యాయామం చేశాక కండ తనను తాను కట్టుకునే పని ఒకటి రెండు రోజులు జోరుగా సాగి తర్వాత మామూలు స్థాయికి వస్తుంది. ఇరవై సెట్లు ఒకేరోజు చేస్తే సగం దాటాక మిగిలేది అలసటే. బుధవారం నుంచి ఆదివారం దాకా ఆ కండకు పనే ఉండదు. అందుకే అవే సెట్లను రెండు మూడు రోజులకు పంచి చేస్తే కొత్తవాళ్లకు లాభమంటారు. నేర్చుకునే దశలో స్క్వాట్ వారానికి ఒకసారి చేసేవాడి కంటే మూడుసార్లు చేసేవాడికే ఒడుపు తొందరగా పట్టుబడుతుందని కూడా అంటారు.

"నాకు రోజూ జిమ్‌కు వెళ్లకపోతే తోచదు" అనేవాళ్లకు కూడా ఈ అభ్యంతరం చెప్పేవాళ్ల దగ్గర మందు ఉంది. నాలుగు రోజులు బరువులు: రెండు రోజులు నడుం పైభాగం, రెండు రోజులు కింది భాగం, ఒకటి విడిచి ఒకటి. లేదా మూడు రోజులు ఒళ్లంతటికీ బరువులు, మధ్య రోజుల్లో అరగంట చురుగ్గా నడక. ఎన్ని రోజులు వచ్చినా వారం మొత్తం మీద చేసే సెట్లు మాత్రం పెంచరు, వాటినే ఎక్కువ రోజులకు సర్దుతారు. నడవడానికి ఇందిరా పార్కు ఉంది, ఆర్కే బీచ్ ఉంది. దానికి జిమ్ దాకా వచ్చి షూస్ మార్చుకోవడమెందుకు?

కాళ్ల రోజు గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. ప్యాంటు ఉండగా కాళ్లెందుకు?

4. బరువు ఎంతో పక్కవాడిని చూసి నిర్ణయించుకోండి

ఖాళీ బారే 20 కిలోలు ఉంటుంది. దాంతోనే మొదలుపెట్టమని ట్రైనర్ అంటాడు. ప్లేట్లు లేని బారు భుజాన పెట్టుకుని అద్దం ముందు నిలబడితే మీరేమవుతారో ఆలోచించండి. పక్కవాడు చెరోవైపు ఎంత వేశాడో చూసి, దాని మీద ఇంకొక ప్లేటు వేయండి.

ఈ విషయంలో మనకు మొదటి నుంచీ ఒక విరోధి ఉన్నాడు. పేరు థామస్ డెలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక వైద్యుడు. మోకాళ్లు దెబ్బతిని వచ్చిన సైనికులకు బరువులతో వ్యాయామం చేయించి 1945లో ఆ పద్ధతిని అచ్చులో పెట్టాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువేదో కనిపెట్టడం, అక్కడి నుంచి బలం పెరిగిన కొద్దీ బరువు పెంచడం అందులోని కిటుకు. మొదట్లో ఆయన కూడా ఒక్కో వ్యాయామానికి ఏడు నుంచి పది సెట్లు చేయించేవాడు. అప్పటిదాకా మనవాడే. 1948 వచ్చేసరికి మనసు మార్చుకున్నాడు. మూడు సెట్లు చాలన్నాడు: మొదటిది ఆ బరువులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో. జిమ్ముల్లో "మూడు సెట్లు, పది రెప్స్" అనే మాట వేళ్లూనడంలో ఈయన చెయ్యి పెద్దదే.

ఆ దారిలోనే ఇప్పటివాళ్లు, అనుకున్నదానికంటే ఒకటి రెండు రెప్స్ ఎక్కువ తేలిగ్గా చేయగలిగితేనే బరువు పెంచమంటారు, అదీ రెండు నుంచి పది శాతమే. ప్రతి జిమ్‌లోనూ ఒక మూల 1.25 కిలోల ప్లేట్లు దుమ్ము కొట్టుకుని పడి ఉంటాయి. అవి ఇందుకే. మీరు వాటిని నీళ్ల సీసా కింద పెట్టుకోవడానికి వాడండి.

మొదటి నెలలో బరువు టకటకా పెరుగుతుంది. కండ పెరిగిందని సంబరపడండి. నిజానికి ఆ తొలి వారాల్లో నరాలు కండలను ఒక్కమాట మీద పనిచేయించడం నేర్చుకుంటాయి, కండ పెరుగుదల నెమ్మదిగా వెనకొస్తుంది. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు అంతకంటే నింపాదిగా, నెలల తరబడి గట్టిపడతాయి. అంటే ధైర్యం మొదటి నెలకే వచ్చేస్తుంది, మోచేయీ మోకాలూ తమ అభిప్రాయం మూడో నెలలో చెబుతాయి.

5. ఎత్తలేని బరువుకు ఒక అన్నను సంపాదించండి

ప్రతి సెట్టూ కూలబడేదాకా చేయాలి. ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగల ఓపిక ఉండగానే బరువు దించేయమని కొత్తవాళ్లకు చెప్పడం ఒక ఫ్యాషన్ అయింది. అలసట తక్కువ, ఒడుపు చెడదు, ఎల్లుండికి మళ్లీ చేయగలరు అని వాళ్ల వాదన. మనం ఎల్లుండి సంగతి ఎల్లుండి చూసుకుంటాం.

కూలబడే దశలో తోడు కావాలి కాబట్టి ఒక స్నేహితుణ్ని తల దగ్గర నిలబెట్టుకోండి. మీరు బెంచి మీద వెల్లకిలా పడుకుంటారు. బారు ఛాతీ దాకా దిగుతుంది, అక్కడే ఆగుతుంది. మెడ నరాలు ఉబ్బుతాయి. మడమలు నేల మీద జారతాయి, నడుం వంతెనలా లేస్తుంది. పైనుంచి ఆయన రెండు చేతులతో బారు పట్టుకుని లాగుతూ, "నీదే అన్నా! అంతా నీదే! నేను ముట్టుకోలేదు!" అని అరుస్తుంటాడు. ఆయన ముఖం కూడా మీ ముఖంలాగే ఎర్రగా ఉంటుంది. ఇలా ఆరు రెప్స్ అయ్యాక లేచి ఇద్దరూ చేతులు కలుపుకుంటారు. ఆ సెట్టు వల్ల ఆయన వీపు బాగా పెరుగుతుంది.

అప్పుడప్పుడు ఆయన రాడు. ఆ రోజుల్లో బారు చివర్ల క్లిప్పులు గట్టిగా బిగించుకుని, తోడెవరూ లేకుండా అదే బరువుతో ప్రయత్నించే ధీరులూ ఉన్నారు. బారు మెడ మీదికి దొర్లితే ప్లేట్లు జారిపోయే దారి కూడా ఉండదు. వాళ్లను ఆదర్శంగా తీసుకోమని మేము కూడా చెప్పలేం.

6. నిద్ర బద్ధకస్తుల వ్యవహారం

కండ పెరిగేది జిమ్‌లో కాదు, తిని పడుకున్నాకే అంటారు. అదే నిజమైతే మనం పరుపుల షాపులో మెంబర్‌షిప్ తీసుకునేవాళ్లం.

మాదాపూర్‌లో రాత్రి పదకొండున్నర దాకా అమెరికావాళ్లతో కాల్. ఇంటికొచ్చి తిని, ఫోను చూసుకుని పడుకునేసరికి ఒంటిగంటన్నర. ఐదింటికి అలారం. మూడున్నర గంటల నిద్ర. డాక్టర్లు ఏడు గంటలకు తగ్గొద్దంటారు కదా, మిగతాది డబ్బా తీరుస్తుంది. ప్రీ వర్కవుట్ అని ఎర్రరంగు పొడి దొరుకుతుంది, రెండు మూడు కప్పుల కాఫీకి సరిపడే కెఫీన్ ఒక్క స్కూపులో ఉండటం మామూలే. చెవులు జివ్వుమంటాయి, బుగ్గలు చురచురలాడతాయి, దించాల్సిన బరువు ఎత్తబుద్ధేస్తుంది.

రాత్రి పూట కూడా వెళతారు కదా, తొమ్మిదింటికి మళ్లీ ఒక స్కూపు వేయండి. కెఫీన్ ఒంట్లో సగం కరగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, అంటే రాత్రి రెండింటికి ఇంకా సగం స్కూపు మీ లోపలే మెలకువగా ఉంటుంది. దానికి తోడు మీరు. పొద్దున లేవలేరు కాబట్టి ఇంకో స్కూపు. ఈ చక్రం తిరుగుతున్నంత కాలం డబ్బా అమ్మేవాడికి ఢోకా లేదు.

7. పని రెట్టింపు, తిండి సగం

వ్యాయామం పెంచిన రోజే అన్నం మానేయండి. రెండూ ఒకేసారి చేస్తేనే పట్టుదల లోకానికి తెలుస్తుంది.

కోడిగుడ్డు తెల్లసొన మాత్రం తినొచ్చు. పొద్దున్నే ఎనిమిది గుడ్లు ఉడకబెట్టి, పచ్చసొనలన్నీ తీసి అవతల పారేయండి. గుడ్డులో ఉన్న ఆరు గ్రాముల ప్రోటీన్‌లో ఇంచుమించు సగానికి దగ్గరగా ఆ పచ్చసొనలోనే ఉందని అమ్మకు తెలిస్తే ఏమంటుందో తెలియదు, ఇప్పటికే ఆవిడ చూపు బాగాలేదు. ఆ తర్వాత ప్రోటీన్ చాలడం లేదని మూడు వేల రూపాయల వే డబ్బా కొనండి.

బరువులెత్తేవాళ్లకు ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని ఒక లెక్క ప్రచారంలో ఉంది. డెబ్భై కిలోల మనిషికి 112 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, చికెన్, సెనగలతో ఇంటి తిండిలోనే చాలావరకు లాగొచ్చు, తక్కువ పడితే ఒక స్కూపు కలుపుకోవచ్చు. ఇందులో ఎక్కడా డైట్ ప్లాన్ అనే మాట లేదు, ఫొటో తీసి పెట్టడానికి ఏమీ లేదు. వదిలేయండి.

8. శరీరం పెట్టే అర్జీలన్నీ తిరస్కరించండి

మూడో వారానికి అర్జీలు మొదలవుతాయి. పొద్దున మంచం మీద ఉండగా చూసుకుంటే నాడి ఎప్పటికంటే వేగంగా కొట్టుకుంటుంది. పడుకుంటే నిద్ర పట్టదు. పోయిన వారం ఎత్తిన బరువే ఈ వారం లేవదు. ఆకలి ఉండదు. చిన్నమాటకే చిరాకు. జలుబు వదలదు. ఒకటి రెండు రోజులు ఉండి పోతే సరే, వారం దాటినా ఇవన్నీ కలిసి కూర్చుంటే, బరువులు సగానికి తగ్గించి వారం రోజులు తేలిగ్గా చేయమనేది మామూలు సలహా. మీ స్పందన: ఇంకో రెండు సెట్లు.

తర్వాత గర్వంగా "నాకు ఓవర్‌ట్రైనింగ్ వచ్చింది" అని చెప్పుకోవచ్చు. ఇందులో ఒక చిక్కుంది. 2013లో యూరప్, అమెరికా క్రీడావైద్య సంస్థలు కలిసి ఈ విషయం మీద ఒక ప్రకటన చేశాయి. కొన్నాళ్లు అతిగా చేసి, కొన్ని రోజులో వారాలో విశ్రాంతితో కోలుకునేది ఒక రకం. నెలల తరబడి ఆటగాడి సత్తువ తిరిగి రాకపోవడం ఇంకో రకం. రెండోదాన్నే ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ అన్నారు. అది ఏళ్ల తరబడి రోజుకు గంటలకొద్దీ సాధన చేసేవాళ్లకు వచ్చేది. మూడు వారాల మనిషికి ఉన్నది తొందర, నిద్రలేమి, ఆకలి. ఆ పేర్లు అంత గంభీరంగా ఉండవు కాబట్టి ఓవర్‌ట్రైనింగ్ అనే మాటే వాడుకోండి.

9. నోటుబుక్కు పట్టుకొచ్చేవాళ్లకు దూరంగా ఉండండి

ప్రతి జిమ్‌లోనూ ఒకరుంటారు. మనం చెప్పుకునే ఆవిడకు నలభై దాటాయి, బ్యాంకులో పనిచేస్తారు. సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తారు, గంట దాటి ఉండరు. బ్యాగులోంచి పిల్లల రఫ్ నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను తీస్తారు. సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండు నిమిషాలు బెంచి మీద ఊరికే కూర్చుంటారు. ఫోను కూడా చూడరు.

నీళ్లు తాగే నెపంతో వెనక నుంచి తొంగి చూస్తే ఇలా ఉంటుంది: "సోమ: స్క్వాట్ 25 కిలోలు 8, 8, 8. బెంచ్ ప్రెస్ 20 కిలోలు 8, 8, 7. రోయింగ్ 8, 8, 8. బుధ: డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్. శుక్ర: స్క్వాట్ 27.5. కుడి మోకాలు బాగుంది." ఆరేడు వారాలకోసారి పేజీ పైన "తేలిక వారం" అని రాసి ఉంటుంది, అంకెలన్నీ సగమై ఉంటాయి. దుమ్ము పట్టిన 1.25 కిలోల ప్లేట్లు ఆ జిమ్ మొత్తంలో వాడేది ఆవిడొక్కరే.

ఆరు నెలలకు ఆవిడ 60 కిలోలతో కిందికంటా కూర్చుని లేస్తుంటే జిమ్‌లో కొంత కలవరం పుడుతుంది. తేలిగ్గా కొట్టిపారేయొచ్చు: వాళ్ల వంశంలోనే ఉందనండి.

10. చివరిగా, ఫిజియో దగ్గరికి వెళ్లేటప్పుడు

పై సూచనలన్నీ పాటించినవారికి భుజమో మోకాలో నడుమో ఒకటి తప్పకుండా దక్కుతుంది. డాక్టర్ ఎక్స్‌రే తీయించి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపుతారు. అక్కడ ఒక కాగితం మీద రాసిస్తారు: తేలికైన బరువు, పదిసార్లు, మూడు సెట్లు. రోజు విడిచి రోజు. నొప్పి లేకుండా చేయగలిగితే వచ్చే వారం కొద్దిగా పెంచుదాం. రాత్రి బాగా పడుకోండి.

గాయపడ్డ సైనికులతో డెలోర్మ్ మొదలుపెట్టిన పద్ధతి అటూ ఇటూగా ఇదే. కౌంటర్లో డబ్బు కట్టిన రోజు ట్రైనర్ మీకు చెప్పబోయిందీ ఇదే. అప్పుడు ఉచితంగా వచ్చేది, ఇప్పుడు సిట్టింగుకు ఇంత అని తీసుకుంటారు. అయినా మారు మాట్లాడకుండా, పది లెక్కపెట్టుకుంటూ, బుద్ధిగా చేస్తారు. కొత్తవాళ్లకు సరైన వ్యాయామం నేర్పడంలో మా పద్ధతి ఎప్పుడూ విఫలం కాలేదు. కాకపోతే ఆసుపత్రి మీదుగా నేర్పుతుంది.